ఎరుపూ తెలుపూ పెట్టెలో ఏముంది? ఫ్యామికామ్ గురించి మీకు తెలుసా!

తొంభైల్లో వేసవి సెలవులొస్తే మన ఊళ్లలో టీవీ వెనక తీగలు గుచ్చి, క్యాసెట్ నొక్కి, మారియోను గెంతించిన వీడియో గేమ్ పెట్టెలు గుర్తున్నాయా? వాటిలో చాలామటుకు 1983లో జపాన్‌లో పుట్టిన ఒక యంత్రానికి నకళ్లు. దాని అసలు పేరు ఫ్యామిలీ కంప్యూటర్, జనం నోట్లో ఫ్యామికామ్. అమెరికా, ఐరోపాలకు వెళ్లేసరికి రూపం మార్చుకుని నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, అంటే ఎన్‌ఈఎస్ అయింది. నలభై ఏళ్లు దాటినా ఆ పెట్టెలు ఇంకా ఆడుతున్నాయి, పాడైతే బాగవుతున్నాయి. పైసా పైసా లెక్క చూసుకుని పీనాసితనంగా చేసిన వస్తువు ఇంతకాలం ఎలా నిలిచింది? మూత విప్పితే తెలుస్తుంది.

1. పేకముక్కల కంపెనీ చేసిన కంప్యూటర్

నింటెండో 1889లో క్యోటో నగరంలో హనఫుదా అనే జపాన్ పేకముక్కలు తయారుచేయడానికి మొదలైన సంస్థ. 1981 చివర్లో దాని అధ్యక్షుడు హిరోషీ యమౌచీ, ఇంజనీరు మసయూకీ ఉఎమురాకు ఒక పని అప్పగించాడు. దుకాణాల్లో నాణేలేసి ఆడే ఆటలు ఇంట్లో టీవీ మీద ఆడుకునేలా, క్యాసెట్లు మార్చుకునే యంత్రం కావాలి. ధర మాత్రం పోటీదారులెవరూ అందుకోలేనంత తక్కువ ఉండాలి. 1983 జులై 15న అది 14,800 యెన్లకు మార్కెట్లోకి వచ్చింది. అన్ని దేశాల్లో కలిపి 6 కోట్ల 19 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

2. ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ కలిసొచ్చింది

నింటెండోకు సొంత చిప్పుల ఫ్యాక్టరీ లేదు. అదే సమయంలో రికో సంస్థ చిప్పుల కర్మాగారం సరిపడా పని లేక చాలావరకు ఖాళీగా ఉంది. నింటెండో అడిగిన ధర మరీ తక్కువ కావడంతో రికో మొదట తటపటాయించింది. ముప్పై లక్షల చిప్పులు కొంటామని యమౌచీ మాటివ్వడంతో ఒప్పుకుంది. అప్పటి జపాన్ బొమ్మల మార్కెట్‌కు అది నమ్మశక్యం కాని అంకె. పెట్టెలో ఉన్న రెండు పెద్ద చిప్పులూ ఆ బేరంలో పుట్టినవే. ఒకటి ఆట నడిపే 2ఏ03, రెండోది బొమ్మ గీసే 2సీ02.

3. మెదడుకు ఒక లెక్క మాత్రం రాదు

2ఏ03 లోపల ఉన్నది 6502 ప్రాసెసర్. అమెరికాలో మాస్ టెక్నాలజీ 1975లో 25 డాలర్లకే అమ్మి సంచలనం రేపిన చిప్పు అది. అంకెలను పదుల పద్ధతిలో నేరుగా కూడే, తీసివేసే ‘డెసిమల్ మోడ్’ 6502లో ఉంది. రికో చిప్పులో ఆ విద్య పనిచేయదు. చిప్పును పొరలు పొరలుగా ఫొటోలు తీసి చూసినవాళ్లకు ఆ భాగం దాదాపు అంతా అక్కడే ఉండి, కలపాల్సిన చోట మాత్రం తెగి కనిపించింది. ఆ పద్ధతి మీద మాస్ సంస్థకున్న పేటెంటే ఇందుకు కారణమని చాలామంది అంచనా.

తీసేసింది ఒకటైతే చేర్చింది మరొకటి. శబ్దం పుట్టించే ఐదు ఛానెళ్లూ ఇదే చిప్పులో ఇమిడ్చారు. రెండు చతురస్ర తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒకటి ‘ఖస్‌స్’మనే రొద, ఇంకొకటి రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దాలు. సౌండ్ కోసం విడిగా చిప్పు కొనే ఖర్చు తప్పింది.

4. గుండె ఒక్కటే

యంత్రం మొత్తానికి ఒకే క్వార్ట్జ్ క్రిస్టల్, 21.477 మెగాహెర్ట్జ్. జపాన్, అమెరికా కలర్ టీవీల రంగు సిగ్నల్ వేగానికి ఇది సరిగ్గా ఆరు రెట్లు. దాన్ని 12తో భాగిస్తే ప్రాసెసర్ వేగం, 1.79 మెగాహెర్ట్జ్. 4తో భాగిస్తే బొమ్మల చిప్పు వేగం, 5.37 మెగాహెర్ట్జ్. అంటే ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా తెర మీద మూడు చుక్కలు పడతాయి. ఈ మూడుకు ఒకటి లెక్కను ఆటలు రాసేవాళ్లు కంఠస్థం చేశారు. తెర ఏ గీత దగ్గర ఉందో లెక్కగట్టి, సరిగ్గా అక్కడే బొమ్మ మార్చేవాళ్లు.

5. మారియో మొత్తం 40 కిలోబైట్లే

పని చేసుకోవడానికి ప్రాసెసర్‌కు 2 కిలోబైట్ల ర్యామ్, బొమ్మలకు మరో 2 కిలోబైట్లు. అంతే! 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో కోడ్‌కు 32, బొమ్మలకు 8 కిలోబైట్లు పట్టాయి. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటోలో అలాంటి ఆటలు డజన్లకొద్దీ పడతాయి. ఆ ఆటలో ఆకాశంలో తేలే మేఘం, నేల మీద కనిపించే పొద ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. ఒకసారి తెలిశాక ఇక కళ్లు దాన్నే చూస్తాయి.

తర్వాత ఆటలు పెరిగాయి, 32 కిలోబైట్లు చాలలేదు. అప్పుడు పెట్టె మార్చలేదు, క్యాసెట్ మార్చారు. పెద్ద మెమరీలోంచి ప్రాసెసర్‌కు కావలసిన ముక్కను మాత్రం ముందుకు తెచ్చే అదనపు చిప్పులు క్యాసెట్‌లోనే పెట్టారు. 1983 నాటి పెట్టెలో తొంభైల ఆటలు ఆడాయంటే కారణం అదే.

6. బొమ్మలు మిణుకుమనడం జబ్బు కాదు

తెర మీద కదిలే బొమ్మలు 64 దాకా ఉండొచ్చు. కానీ ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి గీయలేదు. తొమ్మిదోది మాయం. ఒకే శత్రువు పూర్తిగా కనబడకుండా పోతే ఆట చెడుతుంది కాబట్టి, ప్రతి ఫ్రేముకూ వరస మార్చి ఒక్కొక్కదాన్ని వంతులవారీగా దాచేవారు. అదే మనం చూసిన మిణుకు. రిపేరుకు తెచ్చేవాళ్లు తరచూ దీన్ని చిప్పు పోవడంగా పొరబడతారు. అసలైన చిప్పు జబ్బు వేరుగా ఉంటుంది. మెనూ తెరలో కూడా అక్షరాల స్థానంలో చెత్త గుర్తులు, ఎప్పుడూ ఒకే చోట.

7. చదరపు బటన్లు వెనక్కొచ్చాయి

తొలి ఫ్యామికామ్‌ల కంట్రోలర్ బటన్లు చదరంగా, మెత్తని రబ్బరుతో ఉండేవి. నొక్కితే మూలల్లో ఇరుక్కుని పైకి వచ్చేవి కావు. అది చాలదన్నట్టు చిప్పులో లోపం వల్ల కొన్ని ఆటలు మధ్యలో బిగుసుకుపోయేవి. విడుదలైన కొద్ది నెలలకే, అమ్మకాలు జోరందుకున్న వేళ, యమౌచీ సరుకు వెనక్కి పిలిచి మదర్‌బోర్డులు మార్పించాడు. బటన్లు గుండ్రని గట్టి ప్లాస్టిక్‌వి అయ్యాయి. చెడిపోయిన చదరపు బటన్ల పెట్టెలకే ఇప్పుడు సేకర్తల దగ్గర గిరాకీ ఎక్కువ.

8. ఎనిమిది బటన్లకు ఒకే సమాచార తీగ

కంట్రోలర్ విప్పితే లోపల 4021 అనే చిన్న, చవక చిప్పు ఉంటుంది. ఎనిమిది బటన్ల స్థితినీ ఒక్క క్షణంలో పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ మీద పంపిస్తుంది. కరెంటు, గ్రౌండ్, రెండు సంకేతాలు, ఈ సమాచారం కలిపి ఐదు తీగలతో పని అయిపోతుంది. ఒక్క బటన్ పనిచేయకపోతే దాని కింది కార్బన్ రబ్బరు అరిగినట్టో, మురికి పట్టినట్టో లెక్క. బటన్లన్నీ ఒకేసారి పోతే తీగ తెగినట్టు. కంట్రోలర్ల రిపేరులో సగం జ్ఞానం ఈ రెండు వాక్యాలే.

నాలుగు దిక్కుల ప్లస్ గుర్తు బటన్ నింటెండో ఇంజనీరు గున్‌పెయ్ యొకోయ్ ఆలోచన. 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటలో ముందు వచ్చింది.

9. రెండో కంట్రోలర్‌కు చెవులుండేవి

జపాన్ పెట్టెలో రెండో ఆటగాడి కంట్రోలర్‌కు స్టార్ట్, సెలెక్ట్ బటన్లు లేవు. వాటి బదులు చిన్న మైక్రోఫోన్! జెల్డా ఆటలో పెద్ద చెవుల శత్రువును అందులో అరిచి చంపొచ్చు. అమెరికా ఎన్‌ఈఎస్‌లో మైక్ తీసేశారు. కానీ ఆ శత్రువుకు పెద్ద శబ్దాలంటే పడదన్న మాట ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉండిపోయింది. అక్కడి పిల్లలు ఆటలో ఏ వాయిద్యం వాయించాలో తెలియక తలలు బద్దలుకొట్టుకున్నారు.

10. ఎర్రదీపం ఎందుకు మిటకరిస్తుంది?

1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. గేమ్ పెట్టె పేరెత్తితేనే దుకాణదారులు మొహం తిప్పుకునేవారు. అందుకే 1985లో న్యూయార్క్‌లో దింపిన ఎన్‌ఈఎస్‌ను వీసీఆర్‌లా కనిపించేట్టు చేశారు. క్యాసెట్‌ను ముందు నుంచి తోసి, కిందికి నొక్కాలి. చూడ్డానికి బాగుంది. కానీ ఆ నొక్కుడుకు లోపలి 72 పిన్నులు ఏళ్ల తరబడి వంగి వదులయ్యాయి. నిలువుగా క్యాసెట్ దించే జపాన్ పెట్టెలో ఈ బాధ చాలా తక్కువ.

దీనికి తోడు ఒక కాపలాదారు. నకిలీ క్యాసెట్లు ఆపడానికి పెట్టెలో ఒకటి, ప్రతి అసలు క్యాసెట్‌లో ఒకటి చొప్పున చిన్న చిప్పులు పెట్టారు. ఒకే పద్యాన్ని ఇద్దరు పిల్లలు ఒకేసారి అప్పజెప్పినట్టు, రెండూ ఒకే లెక్కను ఒకే వేగంతో చేస్తూ జవాబులు పోల్చుకుంటాయి. తేడా వస్తే పెట్టెలోని చిప్పు దాదాపు సెకనుకోసారి యంత్రాన్ని రీసెట్ చేస్తుంది. అదే ఎర్రదీపం మిటకరింపు. క్యాసెట్ అసలుదే అయినా, ఆ చిప్పుకు వెళ్లే పిన్ను మురికిగా ఉంటే చాలు, దొంగగానే లెక్క. పెట్టెలోని కాపలా చిప్పుకు నాలుగో కాలు తీసేస్తే రీసెట్ ఆగిపోతుంది. ఎన్‌ఈఎస్ బాగుచేసేవాళ్లకు ఇది తెలిసిన చిట్కా.

అటారీ గేమ్స్ సంస్థ ఈ చిప్పులోని ప్రోగ్రామును అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి తెప్పించుకుని తన సొంత తాళంచెవి చేసుకుంది. కోర్టుకెక్కిన ఆ తగవులో 1992లో అప్పీలు కోర్టు నింటెండో వైపే నిలిచింది. 1993లో వచ్చిన చిన్న ఎన్‌ఈఎస్‌లో ఆ కాపలాదారే లేడు. క్యాసెట్ కూడా పైనుంచి నిలువుగానే దిగింది.

11. ఊదితే బాగవుతుందా?

హైదరాబాద్ పిల్లలైనా, చికాగో పిల్లలైనా క్యాసెట్ ఆడకపోతే తీసి ‘ఫూ’ అని ఊదినవాళ్లే. నిజానికి పని చేసింది ఊపిరి కాదు. క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడంతో పిన్నులు రాసుకుని కొత్త చోట తగలడం. ఊదితే తేమ చేరి పిన్నులకు చిలుము పట్టవచ్చు. ఊదొద్దని నింటెండోయే హెచ్చరించింది. సరైన మందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్ల. దూది తెల్లగా వచ్చేవరకూ తుడిచి, ఆరనిచ్చి పెట్టాలి. అసలు ఎన్‌ఈఎస్ క్యాసెట్లలో ఎక్కువ వాటిని విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి.

12. తప్పు అడాప్టర్ పెట్టెనే చంపేయగలదు

అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. దాన్ని డీసీగా మార్చే పని పెట్టెలోపల జరుగుతుంది. జపాన్ ఫ్యామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, అదీ మధ్య పిన్ను నెగటివ్. మన బజార్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను పాజిటివ్. ఎన్‌ఈఎస్ అడాప్టర్‌ను ఫ్యామికామ్‌కు గుచ్చితే లోపలి భాగాలు కాలే ప్రమాదముంది.

ఇంకో గండం గోడ దగ్గరే ఉంది. జపాన్ అడాప్టర్ 100 వోల్టులకు, అమెరికాది 120 వోల్టులకు చేసింది. విదేశాల నుంచి ఎవరో బంధువు తెచ్చిన పెట్టెను తిన్నగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే వచ్చేది పొగే. లోపల వోల్టేజీని 5కు దించే 7805 రెగ్యులేటర్ దేశదేశాల్లో వీధి చివరి ఎలక్ట్రానిక్స్ కొట్లో కూడా దొరుకుతుంది. పెట్టె పూర్తిగా చచ్చినట్టుంటే మల్టీమీటర్‌తో ముందు చూడాల్సిన చోటు అదే.

13. తుపాకీ కాల్చదు, చూస్తుంది

బాతుల ఆట గుర్తుందా? తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. గొట్టంలో వెలుతురును పట్టే కన్నుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడుతుంది, తర్వాత బాతు ఉన్నచోట తెల్లగడి వెలుగుతుంది. నలుపు తర్వాత తెలుపు కనబడితే గురి తగిలినట్టు. గదిలో బల్బును చూపించి మోసం చేయకుండా, పాత టీవీ తెర గీతలు గీసే వేగానికే స్పందించే ఏర్పాటు కూడా ఉంది. అందుకే ఎల్‌సీడీ టీవీల ముందు మంచి తుపాకీ కూడా పనిచేయదు. దాన్ని విప్పి లాభం లేదు. ఉఎమురా నింటెండోకు రాకముందు షార్ప్ సంస్థ తరఫున అమ్మింది ఇలాంటి కాంతి సెల్‌లనే.

14. కరిగిపోయే బెల్టు, ఆరిపోయే బ్యాటరీ

1986లో జపాన్‌లో ఫ్యామికామ్‌కు డిస్క్ డ్రైవ్ వచ్చింది. దుకాణంలో 500 యెన్లిస్తే పాత డిస్కు మీద కొత్త ఆట రాసిచ్చేవారు. ఆ డ్రైవ్‌ను తిప్పేది ఒక రబ్బరు బెల్టు. కాలం గడిచేకొద్దీ అది సాగిపోతుంది, తెగుతుంది, ఒక్కోసారి జిగురుగా కరిగి చక్రాలకు అంటుకుంటుంది. నేడు రిపేరుకొచ్చే డ్రైవ్‌లలో మొదట మార్చేది బెల్టే.

అమెరికా జెల్డా క్యాసెట్‌లో 1987లో మరో దారి పట్టారు. ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే మెమరీకి ఒక బిళ్ల బ్యాటరీ జోడించారు. అది ఆరిపోయినా ఆట ఆడుతుంది, గుర్తుంచుకోవడం మాత్రం మానేస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కొత్తది పెట్టొచ్చు. అయితే పాతది తీసిన క్షణంలో అందులోని పాత ఆట చరిత్ర పోతుంది.

15. పసుపెక్కడం ఎండ ఒక్కదాని తప్పు కాదు

తెల్లని ఏబీఎస్ ప్లాస్టిక్ మంటలు అంటుకోకుండా అందులో బ్రోమిన్ సమ్మేళనాలు కలుపుతారు. అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏళ్ల మీద దాన్ని పసుపుగా మారుస్తాయి. ఒకే పెట్టె పైమూత పసుపెక్కి, కిందిది తెల్లగా ఉండడం మామూలే. రెండూ వేరు వేరు విడతల ప్లాస్టిక్‌వి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెలుపు తిరిగొస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కొచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయొద్దు.

16. మన నకళ్లలో మారియో నెమ్మది

తైవాన్‌కు చెందిన యూఎంసీ రికో చిప్పులకు నకళ్లు చేసింది. వాటితో పుట్టిన పెట్టెలు రష్యాలో డెండీ పేరుతో ఇంటింటికీ చేరాయి. మనలాంటి దేశాల పాత టీవీలు సెకనుకు 60 కాదు, 50 ఫ్రేములు చూపించే పాల్ పద్ధతివి. 50 ఫ్రేముల పెట్టెలో ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాట కూడా దానితోపాటే. నింటెండో ఐరోపాకు చేసిన పెట్టెలో పైన చెప్పిన మూడుకు ఒకటి లెక్క 3.2కు ఒకటిగా మారింది. నకలు చిప్పులు చేసినవాళ్లు మాత్రం మూడుకు ఒకటే ఉంచారు. జపాన్ క్యాసెట్లు అసలు ఐరోపా పెట్టెలో తడబడ్డ చోట కూడా నకలులో సాఫీగా నడిచేవి.

ఒక పొరపాటు మాత్రం దొర్లింది. చాలా నకళ్లలో చతురస్ర తరంగాల రెండు రకాలు తారుమారయ్యాయి. మనలో చాలామంది చిన్నప్పుడు విన్న మారియో పాట గొంతు అసలు గొంతు కాకపోవచ్చు.

తర్వాతి నకళ్లలో యంత్రమంతా ఒకే నల్లటి ఎపాక్సీ ముద్ద కింద ఇరుక్కుంది. ముద్ద లోపల చెడితే రిపేరు లేదు. ఇక ‘9999999 ఇన్ 1’ క్యాసెట్ల సంగతి తెలిసిందే. ఉన్నవి కొన్ని ఆటలే, అవే వేరు వేరు లెవెళ్ల నుంచి మొదలై జాబితా అంతా నిండేవి.

17. కంపెనీ చేతులెత్తేసినా రిపేరు ఆగలేదు

జపాన్‌లో నింటెండో 2003లో ఫ్యామికామ్ తయారీ ఆపింది. రిపేరు సేవను మాత్రం 2007 అక్టోబరు 31 దాకా నడిపింది. విడిభాగాలు దొరకడం లేదని అప్పుడు ముగించింది. మొదటి పెట్టె అమ్మిన తర్వాత ఇరవై నాలుగేళ్లకు పైగా అన్నమాట. ఇవాళ ఏ ఫోన్ కంపెనీ ఆ మాట చెప్పగలదు?

రిపేరు బల్ల మీదకు ఇవాళ వస్తున్న జబ్బుల జాబితా చూడండి. వదులైన పిన్నులు, అరిగిన రబ్బరు, ఎండిన కెపాసిటర్లు, తెగిన తీగలు, తప్పు అడాప్టర్, సాగిన బెల్టు. పెద్ద చిప్పుల దాకా వెళ్లేవి తక్కువ. ఖర్చు తగ్గించడానికి ఉఎమురా బృందం పెద్ద చిప్పుల్ని రెండింటికి కుదించింది, మిగతా అన్నిటికీ బజారులో దొరికే మామూలు భాగాలే వాడింది. ఆ పీనాసితనమే ఇవాళ మనకు వరమైంది.

అటక మీద అలాంటి పెట్టె ఉంటే పాత సామానువాడికి వేసే ముందు ఒకసారి దించండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఏసీనా డీసీనా, మధ్య పిన్ను ఏదో చదవండి. క్యాసెట్ పిన్నులు ఆల్కహాల్‌తో తుడవండి. పెట్టె మూత మీరే విప్పొచ్చు, లోపల ఉండేది తక్కువ వోల్టేజీయే. దాన్ని తగిలించే పాత డబ్బా టీవీని మాత్రం విప్పకండి, స్విచ్ తీసేశాక కూడా అందులో ప్రాణాలు తీసే కరెంటు నిలిచి ఉండొచ్చు. ఇన్ని చూశాక కూడా పెట్టె పలకకపోతే, సోల్డరింగ్ తెలిసిన పాత టీవీ మెకానిక్ చేతికివ్వండి. ఆయనకు పరిచయం లేని భాగం అందులో దాదాపు ఉండదు.